బొమ్మ నోటికి ప్లాస్టర్

మహతి ఆపరేషన్ ఆగిపోవడానికి రవ్వలడ్డే కారణమని ఆ ఇంట్లో అందరూ తీర్మానించేశారు. ఆ రోజు పొద్దున ఆసుపత్రిలో పిల్లకి గౌను తొడిగారు, చేతికి పేరున్న పట్టీ కట్టారు. నర్సు అందరినీ అడిగినట్టే, "పొద్దుట్నించి ఏమైనా తిన్నావా?" అని అడిగింది. మహతి తలూపి, "ప్రసాదం లడ్డు" అంది. మత్తు ఇచ్చే ముందు కడుపు ఖాళీగా ఉండాలి, లేకపోతే తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. డాక్టరు వచ్చి, కోప్పడకుండానే తేదీ మార్చేశాడు.

అప్పటినుంచి మహతి తల్లి గీతాంజలి, తన తల్లి చాముండేశ్వరితో సరిగ్గా మాట్లాడటం లేదు. "దేవుడికి చూపించి పెడితే అది తిండి కాకుండా పోతుందా అమ్మా?" అని ట్యాక్సీలో అడిగిందే ఆఖరు. పిల్ల చల్లగా ఉండాలని చాముండేశ్వరి తెల్లవారుజామునే ఆంజనేయస్వామి ముందు లడ్లు పెట్టిన మాట నిజమే. మనవరాలి నోట్లో మాత్రం ఆవిడ పెట్టలేదు. ఆ సంగతి ఆవిడకి తెలుసు, మహతికి తెలుసు. పిల్ల తనంతట తాను చెప్పేదాకా ఆ నింద మోయడానికే ఆవిడ సిద్ధపడింది.

వాయిదా వేస్తూ కూర్చునే ఆపరేషన్ కాదది. మహతి గొంతులో టాన్సిల్స్ బాగా వాచిపోయాయి. నిద్రలో గురక పెడుతూ పెడుతూ ఉన్నట్టుండి ఊపిరి ఆపేస్తుంది. ఆ నిశ్శబ్దానికి పక్క గదిలో ఉన్న గీతాంజలికి మెలకువ వచ్చేస్తుంది. ఎనిమిదేళ్ల పిల్ల బళ్లో బెంచీ మీదే తల వాల్చి నిద్రపోతోందని టీచరు రెండుసార్లు కబురు చేసింది. ఈసారి కూడా ఆగిపోతే మళ్లీ తేదీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు.

కొత్త తేదీకి వారం ముందు, ఆసుపత్రివాళ్లు పిల్లని ఒకసారి ఆటగదికి తీసుకురమ్మన్నారు. ఆపరేషన్ అంటే ఏమిటో పిల్లలకి బొమ్మలతో చూపించి భయం పోగొట్టే గది అది. గీతాంజలి ఆఫీసుకి సగం రోజు సెలవు పెట్టి వచ్చింది. వచ్చిందే గానీ, చాంగీ బిజినెస్ పార్క్‌లోని బ్యాంకు ఆఫీసు ఆమెని వదల్లేదు. ఫోను మోగడంతో నడవాలోకి వెళ్లిపోయింది. లోపల మహతి, చాముండేశ్వరి, కీర్తిక అనే తమిళ అమ్మాయి మిగిలారు. పిల్లల్ని ఆడించడమే కీర్తిక ఉద్యోగం.

"ఈ బొమ్మకి గొంతు నొప్పి. నువ్వే డాక్టర్, ఓకే?" అని కీర్తిక ఒక గుడ్డ బొమ్మని బల్ల మీద పడుకోబెట్టింది.

మహతి బెదరలేదు. సూది లేని సిరంజి తీసుకుని బొమ్మ చేతికి గుచ్చింది. మాస్కు తీసి బొమ్మ ముక్కుకి పెట్టింది. మాస్కుకి ఏ వాసన కావాలంటే, స్ట్రాబెరీ వద్దు, ఆరెంజ్ కావాలంది. చాముండేశ్వరికి ముచ్చటేసింది. ఇంత ధైర్యమున్న పిల్ల ఆ రోజు ఎందుకలా చేసింది?

"వెరీ గుడ్ డాక్టర్. ఇప్పుడు బొమ్మ నిద్రపోయింది. తర్వాత ఏం చేద్దాం?"

మహతి ట్రేలోంచి ప్లాస్టర్ తీసింది. గొంతుకి అంటిస్తుందనుకుంటే, బొమ్మ నోటికి అడ్డంగా అంటించింది. చాలదనిపించిందేమో, దాని మీద ఇంకొకటి వేసి బొటనవేలితో గట్టిగా నొక్కింది.

"నోటికెందుకు?" అని కీర్తిక అడిగింది.

మహతి బొమ్మకి దుప్పటి కప్పి, "ఫినిష్" అంది.

కీర్తిక మళ్లీ అడగలేదు. పిల్ల బొమ్మల అలమర దగ్గరికి వెళ్లాక చాముండేశ్వరి పక్కన కూర్చుని, ఆవిడకి అర్థమయ్యేలా తమిళం, ఇంగ్లీషు, వచ్చిన నాలుగు తెలుగు ముక్కలు కలిపి చెప్పింది. "పాట్టీ, అంటే అమ్మమ్మా, తనకి సూది భయం లేదు, మాస్క్ భయం లేదు. వేరే ఏదో ఉంది. ఇంట్లో మెల్లగా అడగండి. తిట్టొద్దు."

గీతాంజలి ఆసుపత్రి నుంచి నేరుగా ఆఫీసుకి వెళ్లిపోయింది. అమ్మమ్మా మనవరాలూ రైల్లో హౌగాంగ్ చేరుకుని, తమ బ్లాకు కింద కాఫీ షాపులో కూర్చున్నారు. చాముండేశ్వరి పిల్లకి ఐస్ వేసిన మైలో చాక్లెట్ పాలు ఇప్పించింది. గ్లాసులో మంచుముక్కలు సగం కరిగేదాకా ఆగింది.

"ఆ బొమ్మ నోటికి ప్లాస్టర్ ఎందుకేసేవే?"

"ఊరికే."

"నొప్పి గొంతుకి కదా. నోరేం పాపం చేసింది?"

మహతి స్ట్రా నములుతూ కూర్చుంది. తర్వాత గ్లాసులోకి చూస్తూనే అంది. "నిద్రలో మాట్లాడకుండా."

"బొమ్మలు మాట్లాడతాయా?"

"బొమ్మ కాదు అమ్మమ్మా, నేను! మా క్లాస్ ఈథన్ వాళ్ల కోర్‌కోర్‌కి టూత్ తీశారు. మత్తు ఇచ్చారు. లేచాక అన్నీ చెప్పేశాడు. వాడి గర్ల్‌ఫ్రెండ్ పేరు, మ్యాథ్స్ పేపర్ ఎక్కడ దాచాడో, ఎవ్రీథింగ్. వాళ్ల మమ్మీ వీడియో తీసింది. హోల్ క్లాస్ చూసింది, యూ నో."

"కోర్‌కోర్ ఎవడే?"

"అన్నయ్య లా!" ఇక్కడి పిల్లలందరిలాగే మాట చివర 'లా' తగిలించింది.

"సరే, అన్నయ్యే. వాడు చెప్తే చెప్పేడు. నీకేం రహస్యాలున్నాయే, ఇంత లేవు?"

మహతి తలెత్తి అమ్మమ్మ వైపు చూసింది. కళ్ల నిండా నీళ్లున్నాయి. "నావి కాదు. నీది."

చాముండేశ్వరికి ఒక్కసారిగా అంతా అర్థమైంది.

ఆవిడ రహస్యం ఏమిటో చెప్పాలంటే శనివారాల గురించి చెప్పాలి. శనివారం పొద్దున మహతికి ఈత క్లాసు. గీతాంజలి ఇద్దర్నీ ఈతకొలను గేటు దగ్గర దింపి మార్కెట్‌కి వెళ్లిపోతుంది. లోపలికి ఏనాడూ రాలేదు. ఆమె చిన్నప్పుడు, గోదావరి వరదలో పడవ తిరగబడి తండ్రి బసవయ్య పోయాడు. కూతురికి ఈత రావాలని పట్టుబట్టి చేర్పించింది గానీ, నీళ్లలో ఉన్న కూతుర్ని చూడటం ఆమె వల్ల కాదు. అందుకే గట్టు మీద కాపలా చాముండేశ్వరిది. గట్టు మీద కూర్చున్న ఆవిడని, అదే అంతస్తులో ఉండే సరోజిని నీళ్లలోకి లాగింది. సరోజిని తాతల నాడే ఇక్కడికొచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ల ఇంట్లో పుట్టింది. డెబ్బై దాటినా రోజూ ఈత కొడుతుంది. "ఊరికే కూర్చుంటే ముట్టి పట్టేస్తాది చాముండీ, దిగు లా" అని, ముట్టంటే మోకాలేనని తెలిసేలా చాముండేశ్వరి మోకాళ్ల మీద తట్టి మరీ దింపింది. ఆ తర్వాత ఆవిడే ఈత నేర్పి, చేతుల నిండా కాళ్ల నిండా కప్పే నల్లటి ఈత దుస్తులు కొనిచ్చింది. అవి మహతి సంచీలో, తువ్వాలు కింద ఇంటికొచ్చి, ఎవరూ చూడకుండా ఆరి, మళ్లీ అదే సంచీలో వెళ్తుంటాయి.

"నేను చెప్పేస్తే మమ్మీ నిన్ను ఇండియా పంపేస్తుంది" అంది మహతి, ముక్కు తుడుచుకుంటూ. "బీచ్‌లో చెప్పింది కదా. నువ్వు సీలో నిలబడ్డావని. ఇంకోసారి నీళ్లలో దిగితే టికెట్ కొంటా అంది."

అన్న మాట నిజమే. చాంగీ బీచ్‌లో అలలు చీలమండలు దాటేసరికి గీతాంజలి ఇసకలో పరుగెత్తుకొచ్చి అరిచిన అరుపది. పెద్దవాళ్లు ఆ సాయంత్రమే మర్చిపోయారు.

"అందుకని లడ్డు తిన్నావా?"

"తింటే ఆపరేషన్ చెయ్యరని చెప్పారు కదా. సగమే తిన్నా. సగం బిన్‌లో వేశా." ఇక ఆపుకోలేక ఏడ్చేసింది. "మమ్మీ నిన్ను తిట్టింది. ఐ వాంటెడ్ టు టెల్. బట్ చెప్తే ఎందుకు తిన్నావ్ అంటుంది, అప్పుడు అదీ చెప్పాలి."

పక్క బల్ల దగ్గర కాఫీ తాగుతున్న ముసలాయన ఇటు చూసి, జేబులోంచి కాగితం రుమాళ్ల పొట్లం తీసి వాళ్ల ముందు పెట్టి, మళ్లీ తన పేపరు చదువుకోసాగాడు.

చాముండేశ్వరి మనవరాల్ని దగ్గరికి తీసుకుంది. నువ్వేం వాగవులే, అదంతా అబద్ధం అని చెప్పి ఊరుకోబెట్టొచ్చు. కానీ మత్తులో పిల్ల ఏం మాట్లాడుతుందో ఈవిడకి మాత్రం ఏం తెలుసు? అయినా ఆ భయం మత్తుది కాదు. పెద్దావిడ సుఖంగా దాచుకున్న సంగతిని చిన్న పిల్ల సంచీలో పెట్టుకుని తిరుగుతోంది. అది దించాల్సింది పిల్ల కాదు.

"శనివారం దాకా ఆగు. మీ అమ్మకి నేనే చెప్తాను."

"టికెట్ కొంటే?"

"కొంటే కొననీ. కిటికీ పక్క సీటు అడుగుతాను."

మహతి ఏడుపు మధ్యలోనే నవ్వింది.

శనివారం గేటు దగ్గర కారు ఆగినప్పుడు చాముండేశ్వరి దిగలేదు. "లోపలికి రా గీతా. నీకొకటి చూపించాలి."

"నేను రానని తెలుసు కదమ్మా."

"తెలిసే పిలుస్తున్నాను. మహతి ఆపరేషన్ గురించి."

ఆ మాటకి గీతాంజలి ఇంజను ఆపింది. లోపలికి వచ్చింది గానీ, నీటి అంచుకి వీలైనంత దూరంగా, గోడవారగా ఉన్న బెంచీ మీద కూర్చుంది. చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది. మహతి ఈత దుస్తుల్లో వచ్చి తల్లి పక్కన నిలబడింది. కాసేపటికి బట్టలు మార్చుకునే గదిలోంచి, నల్లటి దుస్తుల్లో, ముడి మొత్తం పసుపు టోపీలోకి దోపుకుని, చాముండేశ్వరి నడిచొచ్చింది.

గీతాంజలి మొదట గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక బెంచీ మీంచి లేచి నిలబడింది.

చాముండేశ్వరి మెట్ల కడ్డీ పట్టుకుని నీళ్లలోకి దిగింది. నడుము దాకా, ఛాతీ దాకా. అప్పుడు అరిచింది గీతాంజలి. "అమ్మా! ఏంటిది? పైకి రా. అమ్మా, ముందు పైకి రా!"

కొలను మొత్తం ఇటు తిరిగింది. కాపలా కుర్రాడు కుర్చీలోంచి సగం లేచి, అలవాటైన ముసలావిడే కదా అని మళ్లీ కూర్చున్నాడు. చాముండేశ్వరి ఊపిరి పీల్చుకుని, నీటి మీద వాలి, కాళ్లాడిస్తూ అడ్డంగా ఈదడం మొదలుపెట్టింది. అందమైన ఈత కాదది. నీళ్లు ఎక్కువ చిమ్మాయి, ముందుకి తక్కువ సాగింది. మధ్యలో ఒకసారి నిలబడి దగ్గింది కూడా. అయినా అవతలి గోడ అందుకుంది. మళ్లీ ఇటు తిరిగి వచ్చింది.

వచ్చేసరికి గీతాంజలి బెంచీ దగ్గర లేదు. మెట్ల దగ్గర, గట్టు మీదికి నీళ్లు పొర్లుతున్నచోట, చెప్పులతోనే నిలబడి ఉంది. తనెప్పుడు అక్కడిదాకా వచ్చిందో తనకే తెలిసినట్టు లేదు.

"ఎన్నాళ్ల నుంచి?"

"చాన్నాళ్లే అయింది."

"నాన్న పోయింది ఎలాగో నీకు గుర్తు లేదా? నీళ్లు చూస్తే నాకిప్పటికీ ఒళ్లు చల్లబడిపోద్ది. నీకెలా మనసొచ్చింది?"

"గుర్తు లేకపోవడం ఏంటే? ఏటి వైపు మొహం పెట్టకుండా బతికేను. రేవుకెళ్లాల్సొస్తే తలొంచుకునే వెళ్లేదాన్ని. నీళ్లంటే నీకు భయం. నాకు భయం కాదు, కోపం." చాముండేశ్వరి టోపీ పైకి తోసుకుంది. "ఇక్కడ వారం వారం కూర్చుని మహతిని చూసేదాన్ని. అది నీళ్లలో దొర్లి దొర్లి నవ్వుతుంటే, నేను ఇంకా కోపంగానే కూర్చోవడం సిగ్గేసిందే."

"నాకు చెప్పొచ్చు కదా."

"చెప్తే దిగనిచ్చేదానివా?"

గీతాంజలి మాట మార్చింది. "దీనికీ ఆపరేషన్‌కీ ఏంటి సంబంధం?"

"అది మీ అమ్మాయే చెప్తుంది."

మహతి చెప్పింది. సగం తెలుగులో, సగం ఇంగ్లీషులో, ఈథన్ వాళ్ల అన్నయ్య దగ్గర మొదలుపెట్టి బిన్‌లో పడేసిన సగం లడ్డు దాకా. బీచ్ దగ్గర అన్న టికెట్ మాట వచ్చేసరికి గీతాంజలి కళ్లు మూసుకుంది.

"అంటే నువ్వు పెట్టలేదు." తల్లి వైపు తిరిగింది. "అన్ని మాటలన్నాను. ఒక్కసారైనా పెట్టలేదని అనొచ్చు కదమ్మా!"

"నన్నంటే పడతాను. పెద్దదాన్ని. పెట్టలేదని నేనంటే నువ్వెవర్ని అడుగుతావు? దాన్నేగా."

గీతాంజలి తడి గచ్చు మీద అలాగే కూర్చుండిపోయింది. ఖరీదైన ప్యాంటు తడిసిపోతోందని కూడా చూసుకోలేదు. కూతుర్ని దగ్గరికి లాక్కుని చాలాసేపు వదల్లేదు.

"మమ్మీ, టికెట్ కొంటావా?"

"కొనను. కోపంలో అన్నాను నాన్నా. పెద్దవాళ్లు కోపంలో అలాంటివి అంటారు, తప్పే."

"మత్తులో ఏమైనా చెప్పేస్తే?"

"చెప్పెయ్. నీ నోటికేమొస్తే అది చెప్పెయ్. ఎవ్వరినీ ఏమీ అనను. ప్రామిస్."

"ఎవ్వరినీ?"

"ఎవ్వరినీ."

మహతి కాసేపు ఆలోచించి, "ఓకే" అంది. మరుక్షణం నీళ్లలోకి దూకింది. ఎగిసిన నీళ్లు గీతాంజలి మొహం మీద పడ్డాయి. ఆమె ఉలిక్కిపడింది గానీ, లేచి వెళ్లిపోలేదు. చాముండేశ్వరి పైకొస్తుంటే తువ్వాలు అందించి, కొంచెం ఆగి, "ఆ పసుపు టోపీ ఎవరు కొన్నారు? అస్సలు బాలేదు" అంది.

"నీకు తెల్లటిది కొందాంలే."

"నా జోలికి రాకు."

చాన్నాళ్లకి తల్లీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసి నవ్వుకున్నారు.

ఆపరేషన్ రోజు పొద్దున చాముండేశ్వరి దేవుడి ముందు దీపం ఒక్కటే పెట్టింది. "ఈ ఒక్కపూట నువ్వూ ఉపవాసం ఉండు స్వామీ" అని దణ్ణం పెట్టుకుంది. ఆసుపత్రిలో నర్సు, "ఏమైనా తిన్నావా?" అని అడగ్గానే మహతి, గీతాంజలి, చాముండేశ్వరి ముగ్గురూ ఒకేసారి "నో!" అన్నారు. మహతి నాన్న పృథ్వీ కొంచెం ఆలస్యంగా తనూ "నో" అన్నాడు. నర్సు నవ్వాపుకుంటూ రాసుకుంది.

థియేటర్ లోపలికి తల్లిదండ్రుల్లో ఒక్కరినే రానిస్తారు. గీతాంజలి గౌను తొడుక్కుని కూతురి మంచం వెంట నడిచింది. తలుపు దగ్గర మహతి చెయ్యి పైకెత్తి అమ్మమ్మకి ఊపింది. ఆ మొహంలో భయం లేకపోలేదు. కానీ అది కొలను గట్టు మీద దూకబోయే ముందు ఉండే భయమే. చాముండేశ్వరి దాన్ని గుర్తుపట్టింది. తలుపులు మూసుకున్నాయి. పృథ్వీ, "కాఫీ తెస్తాను అత్తయ్యగారూ, మీరు కూర్చోండి" అని కిందికెళ్లాడు.

కాసేపటికే గీతాంజలి బయటికొచ్చింది. నెత్తి మీద కాగితం టోపీ తీయడం కూడా మర్చిపోయింది. చాముండేశ్వరి గబగబా ఎదురెళ్లింది.

"ఏడ్చిందా?"

"లేదు. ఆరెంజ్ వాసన బావుందంది. చేతిలో చెయ్యి పెట్టుకుని హాయిగా పడుకుంది. డాక్టర్ కూడా మెచ్చుకున్నాడు." అంటూనే గీతాంజలి కుర్చీలో కూలబడింది.

"మరి ఆ మొహమేంటి?"

"మాస్క్ పెట్టాక కళ్లు మూతలు పడుతున్నాయి. అప్పుడు నా వైపు చూసి నవ్వి, 'మమ్మీ, ఎవ్వరినీ ఏమీ అనవు కదా' అంది. 'అనను' అన్నాను. 'అయితే డాడీది కూడా చెప్పేయనా?' అంది."

"డాడీదేంటి?"

"అదేనమ్మా! నోరు తెరిచింది, నిద్రపోయింది."

తల్లీకూతుళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. నడవా చివర లిఫ్టు తెరుచుకుంది. మూడు కాఫీ కప్పులు అట్ట ట్రేలో పెట్టుకుని, ఒలక్కుండా జాగ్రత్తగా అడుగులేస్తూ పృథ్వీ వస్తున్నాడు. దగ్గరికొచ్చి, ఇద్దరూ తన వైపే కన్నార్పకుండా చూస్తున్నారని గమనించి ఆగిపోయాడు.

"పడుకుందా? ఏమైనా అందా?" అని అడిగాడు.